పాత ట్రాక్టర్‌తో నారు నాటడం: వేగం గంటకు 0.8 కిలోమీటర్లకు ఎలా దించాం

పాత ట్రాక్టర్లు బాగు చేసే పని నాది. నారు నాటే యంత్రం కొత్తగా కొనుక్కున్నవాళ్లు నా దగ్గరికి తెచ్చే ఫిర్యాదు దాదాపు ఒకటే: "రేజ్ (ఇంజిన్ తిరిగే వేగం) ఎంత తగ్గించినా బండి పరిగెత్తుతోంది, వెనక కూర్చున్నవాళ్లు అందుకోలేకపోతున్నారు." ఈ కేసూ అలాగే మొదలైంది. మామూలుగా అందరూ చేసే ఉపాయాలన్నీ ఒకే బండి మీద వరసగా చూసే వీలు ఇందులో దొరికింది కాబట్టి వివరంగా రాస్తున్నాను.

బండి 35 హార్స్‌పవర్ తరగతిది, మూడు సిలిండర్ల డీజిల్ ఇంజిన్. ముందుకు ఎనిమిది గేర్లు: లో లివర్‌లో నాలుగు, హై లివర్‌లో నాలుగు. పవర్ స్టీరింగ్ లేదు. ఆల్టర్నేటర్ బదులు పాతకాలపు డైనమో. వెనక టైర్లు 12.4-28 సైజు. నాటే యంత్రం రెండు వరుసలది, ట్రాక్టర్ వెనక యంత్రాన్ని ఎత్తి దించే త్రీ పాయింట్ లింకేజీకి తగిలించేది. వరుసకో సీటు ఉంటుంది. సీట్లో కూర్చున్న మనిషి ట్రేలోంచి నారు తీసి, ముందు నుంచి తిరిగివచ్చే క్లిప్పుల్లో ఒక్కొక్కటీ పెడుతూ ఉండాలి. కింద షూ చాలు తీస్తుంది, క్లిప్పు దిగివచ్చి మొక్కను ఆ చాలులో వదులుతుంది, వెనక వచ్చే ప్రెస్ వీల్స్ రెండు పక్కలా మట్టి నొక్కుతాయి.

క్లిప్పుల గొలుసు తిరిగేది ఆ ప్రెస్ వీల్స్ వల్లే, ట్రాక్టర్ పీటీఓ (ఇంజిన్ బలాన్ని వెనక యంత్రానికి అందించే షాఫ్ట్) వల్ల కాదు. అంటే బండి వేగం పెరిగినా తగ్గినా మొక్కకూ మొక్కకూ మధ్య దూరం మారదు. మారేది నాటేవాళ్ల చేతికి దొరికే సమయం. అది చాలకపోతే క్లిప్పు ఖాళీగా దిగుతుంది, వరుసలో ఖాళీ పడుతుంది. "వేగం ఎక్కువైతే మొక్కలు దూరం దూరంగా పడుతున్నాయి" అని రైతు నాతో అన్నాడు. పొలంలో చూస్తే మొక్కల మధ్య దూరం సరిగ్గా 45 సెంటీమీటర్లే ఉంది. అక్కడక్కడ ఒక మొక్క లేకపోవడంతో అది 90గా కనిపిస్తోంది, అంతే.

ముందు చేతి వేగం, తర్వాత బండి వేగం

ఇలాంటి కేసుల్లో నేను స్పానర్ పట్టుకునే ముందు లెక్క వేస్తాను. బండి ఎంత నెమ్మదిగా పోగలదన్నది తర్వాతి సంగతి. ముందు తేలాల్సింది, అది ఎంత వేగంలో పోవాలన్నది. దాన్ని నిర్ణయించేది నాటే మనిషి చెయ్యి. కొంచెం అలవాటైన మనిషి గంటల తరబడి తడబడకుండా పెట్టగలిగేది నిమిషానికి 30 మొక్కలు. పది నిమిషాలైతే 40 కూడా పెడతారు, మధ్యాహ్నానికి అది 25కు పడిపోతుంది. నేను 30 పట్టుకుంటాను.

మొక్కల మధ్య 45 సెంటీమీటర్లు, నిమిషానికి 30 మొక్కలు: బండి నిమిషానికి 13.5 మీటర్లు పోవాలి. గంటకు 0.8 కిలోమీటర్లు. మనిషి మామూలుగా నడిచే వేగంలో ఇది అయిదో వంతు కూడా కాదు.

ఇప్పుడు బండి. మీటర్ బోర్డులో ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) చూపే ముల్లు ఎప్పుడో చచ్చిపోయింది, పాత బండ్లలో ఇది మామూలే. క్రాంక్ పుల్లీ మీద మెరిసే స్టిక్కర్ ముక్క అంటించి, చేత్తో పట్టుకునే టాకోమీటర్‌తో చూశాను. పొలంలో 20 మీటర్ల దూరంలో రెండు మేకులు పాతి, నాటే యంత్రం మీది ట్యాంకు నిండా నీళ్లు, సీట్లలో మనుషులు, షూలు నేలలో దిగి ఉండగా ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టాం. ఖాళీ బండితో రోడ్డు మీద కొలిస్తే ఆ అంకె ఎందుకూ పనికిరాదు.

ఫస్ట్ లోలో (లో లివర్, ఫస్ట్ గేర్) 1500 ఆర్‌పీఎం దగ్గర గంటకు 2 కిలోమీటర్లు వచ్చింది. ఇంజిన్ వణక్కుండా, ఆరిపోకుండా నిలబడే అతి తక్కువ వేగం 850. అక్కడ 20 మీటర్లు 64 సెకన్లలో దాటింది. అంటే నిమిషానికి 42 మొక్కలు అడుగుతోంది. మనకు కావాల్సింది 20 మీటర్లకు 90 సెకన్లు. తేడా 26 సెకన్లు. బండి జబ్బంతా ఆ 26 సెకన్లలోనే ఉంది.

అప్పటిదాకా వాళ్లు చేసినవి

మొదటి ఉపాయం హాఫ్ క్లచ్. డ్రైవర్ వరుస పొడుగునా క్లచ్ పెడల్ సగం తొక్కి పట్టుకున్నాడు. వేగం తగ్గినట్టే ఉంటుంది. కానీ మనిషి కాలు ఒకే చోట నిలబడదు, అది కొంచెం కదిలినప్పుడల్లా బండి ఉలిక్కిపడి ముందుకు దూకుతుంది. ఆ కుదుపుకు, అప్పుడే చాలులో దిగి ఇంకా మట్టి పట్టని మొక్క పక్కకు ఒరిగిపోతుంది. ఇక క్లచ్ సంగతి చెప్పక్కర్లేదు: నేను వెళ్లేసరికి క్లచ్‌ను కప్పే బెల్ హౌసింగ్ కింది రంధ్రంలోంచి నల్లటి పొడి రాలుతోంది, దగ్గరికి వెళ్తే మాడిన వాసన. పెడల్ తొక్కగానే రిలీజ్ బేరింగ్ కీచుమంటోంది. ప్లేటు జారుతూ వేడెక్కుతుంటే, పెడల్ తొక్కిన కాసేపు తప్ప ఒత్తిడి కింద తిరగని బేరింగ్ మీద పొద్దస్తమానం కాలు బరువు పడింది మరి.

రెండోది, ఐడిల్ స్క్రూ తిప్పి ఇంజిన్‌ను 700కు దించడం. ఎవరో చేసి పెట్టారు. లెక్క ప్రకారం 700 దగ్గర కూడా నిమిషానికి 34 మొక్కలు పడతాయి, అంటే అంత కష్టపడినా గమ్యం చేరలేదు. పైగా అంత కిందికి దించితే ఇంజిన్‌లో వచ్చే తిప్పలు ఒకటీ రెండూ కావు. ఈ విషయం మీద కాస్త ఆగుతాను, ఎందుకంటే "రేజ్ తక్కువుంటే ఇంజిన్‌కు సుఖం" అని నమ్మేవాళ్లు చాలామంది.

ఇంజిన్ వేగం నిలబెట్టడానికి డీజిల్ ఎక్కువ తక్కువ చేసే గవర్నర్‌కు ఆ వేగంలో పట్టు తక్కువ. కొంచెం గట్టి నేల తగిలితే ఇంజిన్ కుంగుతుంది, గవర్నర్ ఆలస్యంగా డీజిల్ ఇస్తుంది, వేగం పైకి లేస్తుంది, మళ్లీ పడుతుంది. బండి ఊగుతూ నడుస్తుంది. తడి మచ్చ మీద ఆరిపోతుంది. ఇంజిన్ తిప్పే హైడ్రాలిక్ పంపు కూడా నెమ్మదించి, వరుస చివర లిఫ్ట్ లేవడానికి చాలాసేపు పడుతుంది. డైనమో ఆ వేగంలో చార్జ్ చేయదు. ఎర్ర లైటు వెలుగుతూనే ఉంటుంది, మధ్యలో ఆపితే సాయంత్రానికి సెల్ఫ్ తిరగదు. వేడెక్కిన పాత ఇంజిన్‌లో ఆయిల్ ప్రెషర్ కూడా బొటాబొటీగానే ఉంటుంది.

వీటన్నిటి కంటే నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది సైలెన్సర్. మానిఫోల్డ్ జాయింటు దగ్గర నల్లటి జిడ్డు కారి ఎండిపోయి ఉంది. చూసినవాళ్లు రింగులు పోయి ఆయిల్ కొడుతోందని చెప్పారట. వేలితో తీసి చూస్తే అది ఎక్కువగా కాలని డీజిల్, మసి కలిసిన జిడ్డు. లోడు లేకుండా, చల్లగా, తక్కువ వేగంలో గంటలకొద్దీ నడిచిన డీజిల్ ఇంజిన్‌లో ఇంధనం పూర్తిగా కాలదు. కొంత సైలెన్సర్ దారి పడుతుంది, కొంత సిలిండర్ గోడల మీదుగా ఆయిల్లోకి దిగుతుంది. డిప్‌స్టిక్ తీస్తే ఆయిల్ పల్చగా ఉండి డీజిల్ వాసన వేసింది. పైగా ఇంజిన్ తగినంత వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌కు పోనివ్వని థర్మోస్టాట్ లేదు! "వేడెక్కుతోందని" ఎవరో తీసి పారేశారు. నాటేటప్పుడు ఈ ఇంజిన్‌కు వేడెక్కే సమస్య లేదు, అసలు వేడే ఎక్కకపోవడం సమస్య. థర్మోస్టాట్ వేసి, ఆయిల్, ఫిల్టర్ మార్చి, ట్రాలీ తగిలించి గట్టి లోడు మీద కొంతసేపు నడిపిస్తే ఆ కారడం చాలావరకు తగ్గిపోయింది. ఇంజిన్ విప్పే పని తప్పింది.

అందుకే నేను పట్టుకునే పద్ధతి ఇది: వేగం తగ్గించాల్సింది గేర్లతో. ఇంజిన్‌ను 1000 కంటే కిందికి దించి గంటల తరబడి నడపకూడదు, క్లచ్‌తో అసలే తగ్గించకూడదు.

ఏం చేయొచ్చని చూశాం

వెనక చిన్న టైర్లు వేస్తే బండి అంతమేర నెమ్మదిస్తుంది. చక్రం చుట్టుకొలత తగ్గితే వేగమూ అదే నిష్పత్తిలో తగ్గుతుంది. కానీ ఈ బండికి సరిపడే రిమ్ముల్లో దొరికే చిన్న టైరు వేసినా తగ్గేది ఆరో వంతు. మనకు 1500 దగ్గర 2 నుంచి 0.8కి రావాలి, అంటే సగానికి పైగా. పైగా బండి ఎత్తు తగ్గుతుంది, లింకేజీ కోణాలు మారతాయి. వద్దనుకున్నాం.

గేర్లకు బదులు ఆయిల్ ఒత్తిడితో నడిచి, ఎంత నెమ్మదిగానైనా పోగలిగే హైడ్రోస్టాటిక్ బండి అద్దెకు తెచ్చుకోవడం సులువైన దారే, అదృష్టం ఉన్నవాళ్లకు.

మూడోది, క్రీపర్ గేర్. క్లచ్‌కూ మెయిన్ గేర్‌బాక్స్‌కూ మధ్య ఇంకో తగ్గింపు పెట్టడం. ఈ మోడల్‌కు కంపెనీయే అప్పట్లో ఆప్షన్‌గా 4:1 క్రీపర్ ఇచ్చింది. కొత్తది దొరకదు. తుక్కుకు వెళ్లిన అదే మోడల్ బండ్లలో వెతుక్కోవాలి, దానికి టైం పడుతుంది. నారు మాత్రం ట్రేల్లో ముదిరిపోతోంది.

అప్పుడు నేను చెప్పింది ట్రాక్టర్‌ను వదిలేసి నాటే యంత్రం వైపు చూడమని. వరుసకు ఒక మనిషి నిమిషానికి 30 పెడితే, ఇద్దరు పక్కపక్కన కూర్చుని ఒకరు విడిచి ఒకరు క్లిప్పుల్లో పెడితే 60 కావాలి. లెక్కలో అది గంటకు 1.6 కిలోమీటర్లు, అంటే ఫస్ట్ లోలో 1200 ఆర్‌పీఎం. ఇంజిన్‌కు సుఖమైన వేగం. ఫ్రేముకు రెండు సీట్లు అదనంగా వెల్డింగ్ చేయించి, కాళ్లు పెట్టుకునే పలక వెడల్పు చేశాం. ముందు ఇరుసు తేలిపోకుండా బంపర్‌కు బరువులు వేశాం. నలుగురు మనుషులు, నిండు ట్యాంకు వెనక వేలాడుతుంటే ముందు చక్రాలు నేల మీద పేరుకే ఆనుతాయి, స్టీరింగ్ మాట వినదు.

పొలంలో 60 కుదరలేదు. అంత వేగంలో క్లిప్పు తెరుచుకుని మొక్కను వదిలే సమయం తేడా కొట్టింది, సన్నటి కాడలు ముందుకు వాలి పడ్డాయి. 50 దగ్గర నిలబడింది: 1000 ఆర్‌పీఎం, 20 మీటర్లకు 53 సెకన్లు. ఖాళీలు దాదాపు పోయాయి. పనివాళ్లు ఖాళీగా ఉన్నవాళ్లెవరైనా ఇక్కడితో ఆగిపోవచ్చు, గేర్‌బాక్స్ విప్పే అవసరమే లేదు. ఈ రైతుకు చిక్కు ఏమిటంటే నాట్ల సమయంలో ఒకేసారి నలుగురు దొరకరు. దొరికిన రోజు పని సగం వేళకే అయిపోయింది, దొరకని రోజు బండి షెడ్డులోనే ఉంది.

నీళ్ల విషయం ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే దాదాపు అందరూ మరిచిపోతారు. ఈ యంత్రంలో నీళ్లు ట్యాంకు నుంచి ధారగా చాలులోకి పడతాయి. ధార నిమిషానికి ఇంతని ఉంటుంది, మొక్కకు ఇంతని కాదు. నిమిషానికి 6 లీటర్లు వదిలితే 30 మొక్కల వేగంలో మొక్కకు 200 మిల్లీలీటర్లు, 50 వేగంలో 120. వేగం మార్చిన ప్రతిసారీ కుళాయి కూడా మార్చాలి. బకెట్టు కింద పెట్టి ఒక నిమిషం పట్టి చూడడమే పద్ధతి.

క్రీపర్ బిగించడం

సీజన్ అయ్యాక క్రీపర్ దొరికింది. దీనికి బండిని నడుం దగ్గర రెండుగా విడదీయాలి. ముందు ఇరుసుకు రెండు వైపులా చెక్క దిమ్మలు బిగించి ఇంజిన్ పక్కకు ఒరగకుండా చేసి, వెనక భాగాన్ని చక్రాల మీదే వెనక్కి జరిపాం. ముందు ఇరుసు మధ్యలో పిన్ను మీద ఊగుతుందని మరిచిపోయి దిమ్మలు వేయకుండా బండి విప్పితే ఇంజిన్ ఒక పక్కకు పడిపోతుంది. ఈ పనిలో అసలు ప్రమాదం అదే.

విడదీశాక లోపల కనిపించింది ఊహించినదే. క్లచ్ ప్లేటు లైనింగ్ రివెట్ల దాకా అరిగింది. ప్రెషర్ ప్లేటు మీద నీలం మచ్చలు, సన్నటి వెంట్రుక పగుళ్లు. ఫ్లైవీల్ పైముఖం కొద్దిగా గాడి పడితే లేత్ మీద పట్టించాం. ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్, పైలట్ బేరింగ్, క్రాంక్ వెనక ఆయిల్ సీలు అన్నీ మార్చాం. బండి ఎలాగూ విప్పాం కాబట్టి సీలు బాగానే ఉందనిపించినా వదలకూడదు. రేపు అది కారితే మళ్లీ ఇదంతా మొదటి నుంచి.

పాత క్రీపర్ కొనేటప్పుడు చూడాల్సినవి రెండు. గేర్లు కలిసే పళ్ల అంచులు గుండ్రంగా అరిగి ఉంటే లోడులో అది ఊడి న్యూట్రల్‌లో పడుతుంది. షిఫ్టర్ ఫోర్క్ అరిగినా అంతే. మేము తెచ్చినదాంట్లో ఫోర్క్ పోయింది, దాన్ని వెల్డింగ్‌తో నింపి సైజుకు అరగదీయించాం. నీడిల్ బేరింగులు కొత్తవి వేశాం.

ఇప్పుడు సెకండ్ లో మామూలుగా 1500 దగ్గర 3 కిలోమీటర్లు పోతే క్రీపర్‌లో 0.75 పోతుంది. 1600 పెడితే సరిగ్గా 0.8. అదే మేకుల మధ్య, అదే ట్యాంకుతో, అదే ఇద్దరు మనుషులతో కొలిస్తే 90 సెకన్లకు అటూ ఇటూగా వచ్చింది. 25 సెంటీమీటర్ల దూరంలో నాటే పంటలకు క్రీపర్‌లోనే ఫస్ట్ లో, 1350 సరిపోతుంది. ఇంజిన్ గొంతు నిలకడగా ఉంది, చార్జింగ్ లైటు ఆరింది, లిఫ్ట్ చురుగ్గా లేస్తోంది.

డ్రైవర్‌కు కూర్చోబెట్టి చెప్పినవి ఉన్నాయి. బండి పూర్తిగా ఆగి, క్లచ్ తొక్కి పట్టుకున్నాకే క్రీపర్ లివర్ వేయాలి, తీయాలి. క్రీపర్ వేసి నాగలి, కల్టివేటర్ లాగకూడదు. చక్రానికి వెళ్లే బలం నాలుగింతలవుతుంది, అంత బలం కోసం వెనక గేర్లు, ఇరుసులు చేయలేదు. అసలు భయం ఇంకొకటి: మామూలు ఫస్ట్ గేర్‌లో తక్కువ రేజ్ మీద పోతున్న బండికి ఏదైనా గట్టిగా అడ్డుపడితే ఇంజిన్ ఆరిపోవచ్చు. క్రీపర్‌లో ఆరదు, ఎదురొచ్చినదాని మీదికి ఎక్కుతుంది. ఇంత నెమ్మదిగా పోతోంది కదా అని కదిలే బండి దిగి వెనక్కి వెళ్లి ట్రేలు సర్దే అలవాటు చాలామందికి ఉంది. దానికి మాత్రం నేను ఒప్పుకోను. బండి మీద మనిషి లేకుండా కదలకూడదు. వెనకవాళ్లు లాగగానే డ్రైవర్ పక్కన మోగేలా తాడుతో గంట కట్టాం. లిఫ్ట్ లేపేముందు వాళ్లు సీట్లు దిగాల్సిందే.

వరుసలు తిన్నగా రావడం

పవర్ స్టీరింగ్ లేని బండి ఈ వేగంలో వంకర పోయిందని తెలిసేసరికి రెండు మీటర్లు దాటిపోతుంది, అప్పుడు ఎక్కువ తిప్పేస్తారు. చక్రాల మధ్య దూరంతో దీన్ని సగం తప్పించాం. వరుసల మధ్య 60 సెంటీమీటర్లు కాబట్టి ముందు, వెనక చక్రాలన్నీ మధ్యకు మధ్య 120కు సర్దాం. అప్పుడు టైర్లు సరిగ్గా వరుసల నడుమ పడతాయి. తిరిగివచ్చేటప్పుడు లోపలి చక్రాన్ని అంతకుముందు పడిన టైరు జాడలోనే నడిపితే చాలు, తర్వాతి వరుస దానంతట అదే 60లో పడుతుంది. గుర్తు గీసే మార్కర్ అవసరం లేకపోయింది.

ఫలితం గురించి: ఇద్దరు మనుషులతో నిమిషానికి 60 మొక్కలు, గంటకు 3600 పడాలి. మలుపులు, ట్రేలు నింపడం, నీళ్లు పట్టడం పోగా చేతికి వచ్చేది 2400 దాకా. ఎకరానికి సుమారు 15,000 మొక్కలు కాబట్టి ఎకరం పనికి ఆరు గంటలు దాటుతుంది. మునుపు హాఫ్ క్లచ్ మీద పోయినప్పుడు నాటడం దీనికంటే వేగంగా అయ్యేది, కానీ ఆ తర్వాత ఒక మనిషి ఖాళీలు పూరిస్తూ వరుసలన్నీ మళ్లీ నడవాల్సి వచ్చేది. ఇప్పుడు ఖాళీ క్లిప్పులు పడేది ఎక్కువగా ట్రే మార్చేటప్పుడే.

మిగిలిపోయింది స్టీరింగ్ బాక్స్‌లో ఆట. వీల్ పావు చుట్టు తిరిగాక గానీ చక్రం కదలడం లేదు. బాల్ జాయింట్లు మార్చాం, ఫలితం కొద్దిగానే. బాక్స్ విప్పి చూడాలి, వచ్చే నాట్లలోపు పెట్టుకున్న పని అది. గేర్‌బాక్స్ జాయింటు దగ్గర సన్నగా చెమ్మ వస్తోంది. అది కారేదాకా ముట్టుకోనని, వారానికోసారి ఆయిల్ మట్టం చూసుకోమని చెప్పాను.